రోటి పచ్చడికి సొంతదారు ఎవరు?

1

మా జిల్లాలోని ఒక సాహిత్య విద్యార్థి ఈ మధ్య ఒక అరబ్బీ కథను ఇంగ్లీషు మీదుగా తెలుగు చేసి, చూసిపెట్టమని నాకిచ్చాడు. కథ లెబనాన్‌లోని పాలస్తీనా కాందిశీకుల శిబిరంలో జరుగుతుంది. అందులో ఒక ముసలవ్వ తెల్లవారుజామునే లేచి, రాత్రి నానబెట్టిన శనగలను పొయ్యి మీద పెడుతుంది. ఆమె చేసే వంటకం పేరు హమ్ముస్. అనువాదకుడు ఆ మాటను అలాగే ఉంచి కింద పాదసూచిక రాశాడు: 'ఇజ్రాయిలీ శనగల వంటకం.'

నేను ఆ సూచిక కింద ఎర్రసిరాతో గీత గీశాను. అతను నొచ్చుకోలేదు గాని ఒక ప్రశ్న వేశాడు. "సార్, కథలో శిబిరం ఉంది, ఆకలి ఉంది, నిర్వాసితుల దుఃఖం ఉంది. వాటి అనువాదం గురించి మీరేమీ అనలేదు. పచ్చడి దగ్గర ఆగిపోయారు. పచ్చడికి కూడా జాతీయత ఎందుకు?"

ఆ పూట నేను చెప్పిన జవాబు నాకే తృప్తినివ్వలేదు. 'ఇజ్రాయిలీ' అన్నది కొట్టేసి 'పాలస్తీనా' అని రాస్తే సరిపోతుందన్నాను. ఇంటికి వచ్చి ఆలోచిస్తే అది కూడా సరిపోదనిపించింది. ఒక ముద్ర చెరిపి మరొక ముద్ర వేసినంత మాత్రాన చరిత్ర చెప్పినట్టు కాదు. ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబే ఈ వ్యాసం.

2

హమ్ముస్ గురించి చదవక ముందే నేను దాన్ని తిన్నాను. మా కడప జిల్లా నుంచి కువైట్‌కు పోయిన వేలాది మందిలో మా బావ ఒకడు. 1980లలో అక్కడి ఒక చిన్న హోటలు వంటగదిలో అంట్లు తోమడంతో మొదలుపెట్టి, కూరగాయలు తరగడం దాకా ఎదిగాడు. ఆ వంటగదికి పెద్ద మాస్టరు ఒక పాలస్తీనీయుడు. హైఫా దగ్గరి పల్లె వాళ్ళది. కాని ఆయన పుట్టింది లెబనాన్ శిబిరంలో. తన ఊరిని ఆయన ఎన్నడూ చూడలేదు. ఊరి పేరూ, ఆ ఊళ్ళో వాళ్ళమ్మ నేర్చిన వంటా, ఈ రెండే ఆయనకు దక్కిన వారసత్వం.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. బావ బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి విమానంలో దేశానికి వచ్చాడు. ఆ నెలల్లో మన ప్రభుత్వం దాదాపు లక్షా డెబ్బై వేల మందిని వెనక్కి తీసుకువచ్చింది. బావకు తిరిగి రావడానికి ఒక ఊరుంది. మాస్టరుకు లేదు. యుద్ధానికి ముందు కువైట్‌లో నాలుగు లక్షల దాకా పాలస్తీనీయులుండేవారు. వాళ్ళ నాయకత్వం సద్దాం పక్షం వహించిందన్న ఆగ్రహం ఆ సామాన్యుల మీద పడింది. 1991 ముగిసేసరికి వాళ్ళలో అత్యధికులు ఆ దేశం విడిచిపోవలసి వచ్చింది. మాస్టరు ఎటు పోయాడో బావకు తెలియదు. ఆయన గుర్తుగా మా ఇంట్లో మిగిలింది ఈ పచ్చడి ఒక్కటే.

బావ చేసే పద్ధతి ఇది. పావుకిలో కాబూలీ శనగలను చిటికెడు వంటసోడా వేసి రాత్రంతా నానబెడతాడు. పొద్దున ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో మరో చిటికెడు సోడాతో ఉడికిస్తాడు. సోడా వల్ల నీరు క్షారమై, గింజలోని కణాలను పట్టి ఉంచే పెక్టిన్ సడలిపోతుంది. పొట్టు ఊడి పైకి తేలుతుంది. దాన్ని గరిటెతో తీసేస్తాడు. మన గుగ్గిళ్ళలో గింజ గింజగా నిలవాలి. ఇందులో మాత్రం రెండు వేళ్ళ మధ్య నొక్కితే గింజ వెన్నలా అణిగిపోవాలి. పొట్టు తీసిన తెల్లనువ్వులను రంగు తిరగక ముందే దించి, చెమ్మ తగలకుండా నూరితే అవి తమ నూనెలోనే జారుగా అవుతాయి. దాన్నే తహీనా అంటారు. నూరడం, విసరడం అనే అర్థమున్న అరబ్బీ ధాతువు నుంచి వచ్చిన మాట అది. దానిలో నిమ్మరసం పోయగానే మొదట బిగుసుకుపోతుంది. కొత్తగా చేసేవాళ్ళు చెడిపోయిందనుకుంటారు. చల్లని నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ కలిపితే తెల్లబడి వదులవుతుంది. అప్పుడు రెండు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు, ఉడికిన శనగలు వేసి నూరాలి.

"తొందరపడితే రాదబ్బీ. పలుకు నాలుకకు తగిలిందంటే నీ ఓపిక ఏపాటిదో తెలిసిపోతాది" అంటాడు బావ. అయ్యాక పళ్ళెంలో పరిచి, గరిటె వీపుతో నడుమ పల్లం చేసి, ఆలివు నూనె పోసి, జీలకర్ర పొడి చల్లుతాడు. రొట్టె తుంచి, అంచు నుంచి మొదలుపెట్టి నడుముకు పోతూ అందరూ ఒకే పళ్ళెంలో తింటారు. వేడి తగ్గక ముందే తింటే శనగ కమ్మదనం, నువ్వుల చిరుచేదు, నిమ్మపులుపు వేటికవి తెలుస్తాయి. ఆలివు నూనె మా ఊళ్ళో దొరకని రోజుల్లో నువ్వులనూనె పోసేవాడు. కారం లేని పచ్చడేమిటని మా అక్క ఒకసారి ఎండుమిరపకాయల తాలింపు పెట్టింది. బావ కోప్పడలేదు. "మాస్టరు చూసింటే నవ్వుతాడు, అయినా తింటాడు" అన్నాడు.

ఆ మాటను గుర్తుంచుకోవాలని పాఠకులను కోరుతున్నాను. వంటకం చేతులు మారడం వేరు, దొంగతనం వేరు అన్న తేడా ఆ మాటలోనే ఉంది.

3

హమ్ముస్ అన్న మాటకు అరబ్బీలో అర్థం కేవలం శనగ అని. వంటకం పూర్తి పేరు 'హమ్ముస్ బి తహీనా', అంటే తహీనాతో కలిపిన శనగలు. శనగను మనిషి సాగులోకి తెచ్చింది సుమారు పదివేల ఏళ్ళ కిందట. దాని మాతృకగా గుర్తించిన అడవి రకం నేటికీ ఆగ్నేయ టర్కీ కొండల్లో పెరుగుతోంది. గోధుమ, బార్లీ, చిరుశనగ వంటి వాటితోపాటు తొలి వ్యవసాయానికి పునాది వేసిన పంటల్లో శనగ ఒకటి. అప్పటికి అరబ్బులూ లేరు, యూదులూ లేరు, ఈ పేర్లతో ఏ జాతీ లేదు. హరప్పా నాగరికత కాలానికి అది మన ఉపఖండంలోనూ పండుతోంది. మనం పెద్ద తెల్లశనగను కాబూలీ అంటాం. అది వచ్చిన దారి ఆ పేరులోనే ఉంది.

ఉడికించిన శనగలను మెత్తగా చేసి వినిగరు, నూనె, ఊరబెట్టిన నిమ్మకాయ, సుగంధద్రవ్యాలు కలిపే పద్ధతులు 13, 14 శతాబ్దాల అరబ్బీ పాకగ్రంథాల్లో కనబడతాయి. సిరియా, ఈజిప్టులలో వెలువడిన గ్రంథాలవి. నేటి హమ్ముస్‌కు అవి దగ్గరి చుట్టాలు. క్రూసేడు యుద్ధాల వీరుడు సలాదీన్ దీన్ని కనిపెట్టాడన్న కథ కూడా ఉంది. అది వట్టి కథ.

ఇక్కడ సాహిత్య విద్యార్థులు ఒక విషయం గమనించాలి. ఆ పాకగ్రంథాలు సుల్తానుల కాలపు సంపన్న గృహాల కోసం రాసినవి. రైతు ఇంటి పొయ్యి మీద ఏం ఉడికిందో రాయవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. కాబట్టి మొదట రాసిపెట్టిన చోటే మొదట పుట్టిందని చెప్పడానికి వీల్లేదు. మన జానపద గేయాల విషయంలో సేకర్తను కర్తగా పొరబడడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. శనగా, నువ్వులూ, నిమ్మా, ఆలివూ కలిసి దొరికే తూర్పు మధ్యధరా తీరంలో, సిరియా, లెబనాన్, పాలస్తీనా, జోర్డాన్ ప్రాంతాల్లో, పేరు తెలియని లక్షల చేతులు, ముఖ్యంగా ఆడవాళ్ళ చేతులు, తరతరాలుగా నూరి నూరి దీన్ని ఈ రూపానికి తెచ్చాయి. అంతకంటే కచ్చితమైన జన్మపత్రిక దీనికి లేదు.

4

మరి 'ఇజ్రాయిలీ' అన్న ముద్ర ఎట్లా పడింది?

యూరపు నుంచి వచ్చి పాలస్తీనాలో స్థిరపడిన యూదు వలసదారులకు హమ్ముస్ పుట్టింటి వంట కాదు. అక్కడి అరబ్బుల దగ్గర వాళ్ళు దాన్ని చూశారు, తిన్నారు, మెచ్చుకున్నారు. ఇందులో తప్పేమీ లేదు. 1948 తర్వాత అరబ్బు దేశాల నుంచి లక్షలాది యూదులు ఇజ్రాయిల్‌కు వచ్చారు. వాళ్ళలో అలెప్పో, డమాస్కస్ నగరాల కుటుంబాలకు శనగలూ తహీనా పరాయివి కావు. వాళ్ళ పూర్వీకులు అరబ్బీ మాట్లాడుతూ, పొరుగు ముస్లిములు, క్రైస్తవులు తినే తిండే తిన్నారు. కనుక యూదులు దీన్ని దొంగిలించారు అని ఒక్క వాక్యంలో తేల్చేయడం చరిత్రకు న్యాయం చేయదు. ఆ వాక్యంలో ఒక ప్రభుత్వమూ ఒక మతమూ ఒకటైపోతాయి. అభ్యుదయ దృష్టి గలవాళ్ళు చేయకూడని పొరపాటు అది.

అయితే కథ అక్కడితో ఆగలేదు. 1948లో ఏడు లక్షలకు పైగా పాలస్తీనీయులు ఇళ్ళూ పొలాలూ విడిచి కాందిశీకులయ్యారు. నాలుగు వందలకు పైగా పల్లెలు జనం లేక ఖాళీ అయ్యాయి. వాళ్ళను తిరిగి రానివ్వలేదు. పదేళ్ళు గడిచేసరికి హమ్ముస్ ఇజ్రాయిల్‌లో కార్ఖానా సరుకుగా డబ్బాల్లోకి ఎక్కింది. సైనికుల భోజనశాలల్లోకి చేరింది. క్రమంగా జాతీయ వంటకమైంది. ఇజ్రాయిలీ సామాజికశాస్త్రవేత్త డాఫ్నా హిర్ష్ 2011లో ప్రచురించిన పరిశోధనలో ఈ పరిణామాన్ని వివరంగా చూపారు. జాతీయమైన ఆ తిండే తర్వాతి కాలంలో మళ్ళీ 'అసలైన అరబ్బు చేతి వంట'గా ఎలా విలువ పెంచుకుందో కూడా ఆమె చర్చించారు. వంట అసలైనదన్న పేరు కోసం అరబ్బు చెయ్యి కావలసి వచ్చింది. అదే అరబ్బుకు ఊరు మాత్రం దక్కలేదు.

మూలాలను ఇంకా వెనక్కి తీసుకుపోయే ప్రయత్నాలూ జరిగాయి. ఇజ్రాయిలీ నవలాకారుడు మెయిర్ షలేవ్ హమ్ముస్‌ను బైబిలులోనే చూడవచ్చునన్నారు. రూతు గ్రంథం రెండవ అధ్యాయంలో బోయజు రూతును భోజనానికి పిలిచి, రొట్టె ముక్కను 'హోమెట్స్'లో ముంచుకోమంటాడు. ఆ హోమెట్స్ హమ్ముసే కావచ్చునని షలేవ్ వాదన. హీబ్రూలో ఆ మాటకు అర్థం వినిగరు. మన తెలుగు బైబిలు కూడా దాన్ని చిరక అనే అనువదించింది. రెండు మాటల ధ్వని కలిసినంత మాత్రాన మూడువేల ఏళ్ళ హక్కు పుట్టదు. ఒక సరదా వాదంగా దీన్ని ఆనందించవచ్చు. కాని పురాతన గ్రంథంలోని ఒక్క మాట ఆధారంగా నేల మీద హక్కు కట్టే రాజకీయం ఉన్నచోట ఇలాంటి సరదాలు సరదాలుగా మిగలవు. గ్రంథంలోని మాటకు నేటి అవసరాన్ని అర్థంగా అంటగట్టే పద్ధతి మన దేశంలో మనకు తెలియనిది కాదు.

5

దీనికి ఎదురుగా వచ్చిన జవాబు కూడా నన్ను ఒప్పించలేదు. 2008లో లెబనాన్ పారిశ్రామికవేత్తల సంఘం హమ్ముస్ మా దేశపు సొత్తు, ఇజ్రాయిల్ మీద దావా వేస్తామని ప్రకటించింది. ఫెటా జున్ను పేరు మీద గ్రీసుకు యూరపులో దక్కిన హక్కును ఉదాహరణగా చూపింది. తర్వాత గిన్నిస్ పోటీ మొదలైంది. 2009లో బీరూట్‌లో రెండు టన్నులకు పైగా హమ్ముస్ చేసి రికార్డు కొట్టారు. 2010 జనవరిలో ఇజ్రాయిల్ నాలుగు టన్నులతో దాన్ని దాటింది. అదే ఏడాది మే నెలలో లెబనాన్ వంటవాళ్ళు 10,452 కిలోలు చేశారు. లెబనాన్ విస్తీర్ణం 10,452 చదరపు కిలోమీటర్లు. పచ్చడిని దేశపటంతో సమానం చేశారన్నమాట.

ఇజ్రాయిల్ రికార్డు చేసిన ఊరు అబూ ఘోష్. జెరూసలేముకు దగ్గరలో ఉన్న అరబ్బు గ్రామం. అందుకు పూనుకున్నది ఆ ఊరి అరబ్బు హోటలు యజమాని. రెండు దేశాల జెండాల కిందా వంటకు పూనుకున్నది అరబ్బులే. పత్రికలు దీనికి 'హమ్ముస్ యుద్ధం' అని పేరు పెట్టాయి. నిజానికి ఇది ఎగుమతి మార్కెట్ల కోసం జరిగిన పోటీ. శిబిరంలో శనగలు నానబెట్టే ముసలవ్వ ఈ వ్యాజ్యంలో వాది కాదు, ప్రతివాది కాదు, సాక్షి కూడా కాదు. పారిశ్రామికవేత్త గెలిచినా ఆమెకు తన పెరటి నిమ్మచెట్టు తిరిగి రాదు.

ఇక్కడ మన హైదరాబాదు హలీం గుర్తుకు వస్తుంది. హలీం మూలం అరబ్బుల హరీస్. నిజాముల సైన్యంలో చేరిన యెమెన్ అరబ్బులు బార్కాస్ బస్తీలో స్థిరపడ్డారు. వాళ్ళతో వచ్చిన వంటకం ఇక్కడి మసాలాలూ నెయ్యీ చేరి హైదరాబాదీ అయింది. 2010లోనే, అంటే లెబనాన్ పదిటన్నుల హమ్ముస్ చేసిన ఏడాదే, హైదరాబాదు హలీంకు మన దేశంలో భౌగోళిక గుర్తింపు లభించింది. దీన్ని దొంగతనమని ఎవరూ అనలేదు. అనవలసిన పని లేదు. హరీస్ తెచ్చినవాళ్ళు ఇక్కడే ఉన్నారు, వాళ్ళ పిల్లలు ఇక్కడే ఉన్నారు, హలీం వాళ్ళది కూడా. వంటకాన్ని ఉంచుకొని వండినవాళ్ళను ఊరు దాటించలేదు.

తేడా అంతా ఇందులోనే ఉంది. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల మీద వచ్చింది. అయినా మన ఆవకాయ మనదే. మా అక్క హమ్ముస్‌కు తాలింపు పెడితే మాస్టరుకు నష్టం లేదు. తిండి ఎప్పుడూ ప్రయాణిస్తుంది, ప్రయాణించాలి. తిండిని తీసుకొని తిండి పెట్టిన చేతిని చరిత్ర నుంచి తుడిచేస్తే అక్కడ అన్యాయం జరిగినట్టు. అన్యాయం వంట పద్ధతిలో లేదు, పేరు చెప్పకపోవడంలో ఉంది. ఆ మౌనం వెనుక నేల ఉంది.

6

మన రచయితలకు ఈ ప్రాంతంతో పాత బంధుత్వం ఉంది. భారత అభ్యుదయ రచయితల ఉద్యమ తొలితరం కవి ఫైజ్ అహ్మద్ ఫైజ్ ఆఫ్రో-ఆసియా రచయితల పత్రిక 'లోటస్'కు సంపాదకుడుగా బీరూట్‌లో ఉన్నాడు. 1982లో ఇజ్రాయిల్ సైన్యం ఆ నగరాన్ని ముట్టడించేదాకా ఉన్నాడు. ఆ ముట్టడి నాటి ఆగస్టులో ఒకే ఒక్క రోజును మహమూద్ దర్వీష్ పుస్తకంగా రాశాడు. ఇంగ్లీషులో అది 1995లో 'మెమరీ ఫర్ ఫర్‌గెట్‌ఫుల్‌నెస్' పేరుతో వచ్చింది. ఫైజ్ కూడా అందులో కనిపిస్తాడు. పైనుంచి బాంబులు పడుతున్నప్పుడు ఒక గిన్నెడు కాఫీ కాచుకోవడం గురించి దర్వీష్ అందులో పుటల కొద్దీ రాశాడు. యుద్ధం గురించి రాయమంటే కాఫీ గురించి రాశాడేమిటని మనలో కొందరికి తోచవచ్చు. వంటింటికి నాలుగడుగులు వేయడం కూడా ప్రాణసంకటమైనచోట కాఫీ కాచుకోవడమంటే మనిషిగా మిగలడమే. దర్వీష్ పుట్టిన అల్ బిర్వా గ్రామం 1948లో ధ్వంసమైన పల్లెల్లో ఒకటి.

నలభై ఏళ్ళ తర్వాత అదే జనం మీద ఆకలే ఆయుధమైంది. 2025 ఆగస్టు 22న ఐక్యరాజ్యసమితి మద్దతుతో పనిచేసే ఐపిసి సంస్థ గాజా నగరం ఉన్న మండలంలో కరువు ఏర్పడిందని నిర్ధారించింది. గాజా మొత్తం మీద ఐదు లక్షలకు పైగా జనం తీవ్రాతితీవ్రమైన ఆకలిలో ఉన్నారని ప్రకటించింది. అది వానలు లేక వచ్చిన కరువు కాదు. సరిహద్దుకు అవతల ఆహారం లారీల్లో నిలిచి ఉండగా వచ్చిన కరువు. గాజా వాళ్ళకు తమదైన తహీనా ఒకటుంది. నువ్వులను ఎక్కువసేపు వేయించి నూరుతారు కనుక అది ఎర్రగా ఉంటుంది. ఒక ఊరికి సొంత రుచి ఏర్పడాలంటే కొన్ని తరాలు ఆ ఊళ్ళో నిలకడగా బతకాలి. రుచి చెరిగిపోవడానికి ఒక ముట్టడి చాలు.

7

పాదసూచిక దగ్గరికి తిరిగి వస్తాను. విద్యార్థి ప్రశ్నలో సగం న్యాయముంది. పచ్చడికి జాతీయత అక్కర్లేదు. కాని పచ్చడి నూరే మనిషికి చిరునామా ఉంటుంది. కథకుడు ఆమె చేతిలో శనగలు పెట్టింది ఆ చిరునామా చెప్పడానికే. అనువాదకుడు 'ఇజ్రాయిలీ' అని రాసినప్పుడు, తెలియకుండానే, ఆమెను ఊరి నుంచి రెండోసారి వెళ్ళగొట్టాడు. నేను 'పాలస్తీనా' అని మార్చినప్పుడు ఆమెకు జెండా ఇచ్చాను గాని ఊరు ఇవ్వలేదు. పైగా అదే పచ్చడిని తమదిగా తినే సిరియా, లెబనాన్, జోర్డాన్ రైతులనూ, అలెప్పో యూదు ముసలమ్మనూ పక్కకు నెట్టాను.

చివరికి ఇద్దరం కూచుని ఇలా రాశాం: 'హమ్ముస్: అరబ్బీలో శనగ. ఉడికించిన శనగలు, నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి కలిపి నూరే పచ్చడి. తూర్పు మధ్యధరా ప్రాంతపు ఉమ్మడి వంట. ఈ కథలోని స్త్రీ దీన్ని 1948లో ఖాళీ అయిన తన పల్లెలో తల్లి దగ్గర నేర్చుకుంది.' పాదసూచికకు ఇది పొడవేనని అతను సందేహించాడు. పొడవైనా ఉండనిమ్మన్నాను.

ఆ ఆదివారం అతన్ని బావ ఇంటికి తీసుకుపోయాను. బావకు ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, రుబ్బడం మా అక్క వంతైంది. విద్యార్థి రొట్టె తుంచి ముంచుకొని, దీన్ని ఎక్కడ నేర్చుకున్నారని అడిగాడు. బావ కువైట్ అనలేదు. మాస్టరు ఎన్నడూ చూడని ఆ పల్లె పేరు చెప్పాడు. విద్యార్థి జేబులోంచి కలం తీసి, అక్షరాలు అడిగి మరీ, ఆ పేరు రాసుకున్నాడు.